పేరు దగ్గర ఖాళీ

ప్రభుత్వాసుపత్రి కాన్పుల వార్డులో ముప్పై రెండేళ్ళు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ మరుసటి ఏడాదే మోకాలికి ఆపరేషన్ జరిగింది. పటమటలో మేముండేది మూడో అంతస్తు. లిఫ్టు వారంలో సగం రోజులు పనిచెయ్యదు. నాలుగు నెలలు గడప దాటలేదు. నేను పెళ్ళి చేసుకోలేదు. నాన్న పోయాక అమ్మ నా దగ్గరికే వచ్చేసింది. ఎనభై నాలుగేళ్ళ మనిషి కాఫీ కలిపి నా మంచం దగ్గరికి తెచ్చిస్తుంటే సిగ్గుగా ఉండేది.

ఒక ఆదివారం ఫోన్లో ఆరాధన చూస్తుంటే చివర పాస్టరుగారు ఒక ప్రకటన చదివారు. కృష్ణా డెల్టా పల్లెల్లోని పాత సంఘాల రిజిస్టర్లకి ఫోటోలు తీయించారట. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, భూస్థాపనలు, అన్నీ చేతిరాత పుస్తకాలు. తమ తాతముత్తాతల వివరాలు వెతుక్కునేవాళ్ళకి దొరికేలా వాటిలోని పేర్లన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి. పాత రాత చదవగలిగినవాళ్ళు ఇంట్లో కూర్చునే చేసిపెట్టొచ్చు. నాన్న ఉత్తరాలన్నీ గొలుసుకట్టు రాతలోనే ఉండేవి. హాస్టల్లో ఉన్నప్పుడు వాటిని పదేపదే చదువుకునేదాన్ని కాబట్టి ఆ రాత నాకు అలవాటే. పేరిచ్చాను.

నేను పంపిన పేజీలు సరిచూసే ఆయన మైలవరంలో ఉంటారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు నలభై ఏళ్ళు దస్తావేజులు రాసిన మనిషి. వాళ్ళది వ్యవసాయ కుటుంబం. చర్చి లోపల ఎలా ఉంటుందో కూడా తనకి తెలియదన్నారు. పాత రాత చదివేవాళ్ళు కావాలని తెలిసినవాళ్ళెవరో అడిగితే, ఊరికే కూర్చుంటే మనిషి పాడైపోతాడని ఒప్పుకున్నారట. మొదటిరోజు ఫోన్ చేసి పని నేర్పారు. పైన పేజీ ఫోటో కనపడుతుంది, కింద గడులుంటాయి. పేరు, తండ్రి, తల్లి, ఊరు, తేదీ, వయసు. చూసి కొట్టడమే.

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి మేడం," అన్నారు. "మీకు తెలిసింది కాదు, మీకు కనపడింది రాయాలి. తప్పుందనిపించినా దిద్దకండి."

"తప్పని ఖాయంగా తెలిస్తేనో అండీ?"

"తెలిసినా సరే. దిద్దడం మన పని కాదు."

అమ్మ నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. నేను పేర్లు పైకి చదువుతుంటే వింటూ, కూరగాయలు తరుగుతూ, మధ్యలో అడ్డుపడేది. "ఆయన మా మేనమామకి తోడల్లుడే. పడవ సరంగు. మనిషి మహా కోపిష్టి." ఇంకో పేరు వినగానే నవ్వేది: "ఆవిడ పాటెత్తుకుందంటే చర్చిలో పిచికలు లేచిపోయేవి." ఆ నెలల్లో అమ్మ మాట్లాడినంతగా నా చిన్నతనంలో ఎప్పుడూ మాట్లాడలేదు. మైలవరం ఆయన అప్పుడప్పుడూ ఫోన్ చేసి సందేహాలు అడిగేవారు. "దృఢీకరణ అంటే ఏంటండీ? పెళ్ళికి ముందా, తరవాతా?" చిన్నప్పుడు బాప్తిస్మం పొందినవాళ్ళని పెద్దయ్యాక సంఘంలో పూర్తి సభ్యులుగా చేర్చుకోవడమని నేను చెబితే శ్రద్ధగా రాసుకునేవారు.

భూస్థాపనల పుస్తకాల్లో పేరు లేని వరసలు చాలా వచ్చేవి. "మగశిశువు", "ఆడశిశువు" అని ఉండేది, అంతే. అలాంటిచోట పేరు గడిలో ఏమీ కొట్టకుండా, పక్కనున్న "పేరు లేదు" అనే చోట గుర్తు పెట్టాలి. వార్డులో తల్లుల పేర్లు రాసిన పట్టీలు బిడ్డల చేతులకి కట్టిన మనిషిని నేను. పేరు లేని బిడ్డలు నాకు కొత్త కాదు. ఒక మాట ఒప్పుకోవాలి. అలాంటి వరసలొస్తే నాకు సుఖంగా ఉండేది. కళ్ళు చికిలించి అక్షరాలు కూడబలుక్కునే పని లేదు. ఒక గుర్తు పెట్టి కిందికి వెళ్ళిపోవడమే. కొన్ని పేజీల్లో వరసగా ఐదారు ఉండేవి. పేజీ తొందరగా అయిపోయిందని సంతోషపడి కాఫీకి లేచిన రోజులు కూడా ఉన్నాయి.

వానలు తగ్గుముఖం పట్టాక మా ఊరి పుస్తకం వచ్చింది. పామర్రు నుంచి కాలవ వెంబడి లోపలికి వెళ్తే వస్తుంది మా ఊరు. నాన్న అక్కడి లాకుల దగ్గర లస్కరు. నీళ్ళు వదలాల్సినప్పుడు తలుపులు ఎత్తడం, దించడం, గండ్లు పడకుండా తన బీటు ఉన్నంతమేరా రోజూ గట్టు మీద నడిచి చూసుకోవడం ఆయన పని.

"అమ్మా, మన ఊరిది వచ్చింది!" అన్నాను ఉత్సాహంగా.

అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. "ఏ పుస్తకం?" అంది.

"భూస్థాపనలది."

అమ్మ పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నడుం నొప్పి పుట్టిందేమో అనుకున్నాను.

మూడో రోజు ఉదయం ఆ వరస కనపడింది. తండ్రి దగ్గర మా నాన్న పేరు, ఇంటిపేరుతో సహా. తల్లి దగ్గర మా అమ్మ పేరు. మరణించినవారు, ఆడశిశువు. వయస్సు, పందొమ్మిది దినములు. కారణము, జ్వరము. బాప్తిస్మము, లేదు. స్థలము, కాలువ గట్టు.

తేదీ నేను పుట్టడానికి మూడేళ్ళ ముందుది. అరవై రెండేళ్ళు వచ్చేదాకా నేనే మా ఇంట్లో మొదటి బిడ్డననుకున్నాను. నా తరవాత తమ్ముడు. అంతేననుకున్నాను. చెయ్యి అలవాటు కొద్దీ "పేరు లేదు" దగ్గరికి పోయింది. వెనక్కి తీసుకుని కంప్యూటర్ మూసేశాను.

అమ్మని ఎలా అడగాలో తెలియలేదు. అడగాలో వద్దో కూడా తెలియలేదు. ఆ వరస కనపడిన నాలుగో రోజు మధ్యాహ్నం అన్నం తింటుండగా తనే అడిగింది.

"కనపడిందా?"

"ఏంటమ్మా?"

"ఏంటో నీకు తెలుసు. నాలుగు రోజుల్నించీ నా మొహంలోకి చూట్టం లేదు నువ్వు."

"కనపడింది," అన్నాను.

"ఏం రాశారు?"

చెప్పాను. కాలువ గట్టు అనేసరికి అమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"గట్టు మీద పెట్టారా," అంది. "అరవై అయిదేళ్ళయింది. ఎక్కడ పెట్టారో నాకెవరూ చెప్పలా."

ఆ మధ్యాహ్నం కంచాలు ఎండిపోయేదాకా అక్కడే కూర్చుని అమ్మ చెప్పింది. అప్పుడామెకి పందొమ్మిదేళ్ళు. పుట్టింట తల్లి లేదు గనక అత్తగారింట్లోనే పురుడు పోశారు. అయ్యగారు, అంటే అప్పటి పాస్టరుగారు, నెలకోసారి పడవ మీద వచ్చి బాప్తిస్మాలిచ్చి వెళ్ళేవారు. ఆ నెల ఇవ్వాల్సిన వాళ్ళలో మా అక్క కూడా ఉంది. తెల్ల గౌను కుట్టించి మడత పెట్టి ఉంచారు. అంతలో వరదొచ్చింది. కాలవలు పొంగి పడవలు ఆగిపోయాయి. అయ్యగారు రాలేదు. నాన్న నాలుగు రోజులు లాకుల దగ్గరే ఉండిపోయారు. బిడ్డకి జ్వరం తగిలింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే దారి లేదు. శనివారం మధ్యాహ్నం అమ్మ ఒళ్ళోనే పోయింది.

"కబురెడితే వచ్చారు మీ నాన్న. నిలువునా తడిసి ఉన్నారు. తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళారు. నన్ను లేవనివ్వలేదు, పచ్చి బాలింతనని. బాప్తిస్మం కాని పిల్లని సమాధుల తోటలో పెట్టనిచ్చేవాళ్ళు కాదు మన ఊళ్ళో. ఎక్కడో పెట్టి గంటలో తిరిగొచ్చారు. నిలబడి నాలుగు ముద్దలు తిని మళ్ళీ లాకులకి వెళ్ళిపోయారు. ఒక్క చుక్క కన్నీళ్ళు రాలేదే ఆ మనిషికి."

"తరవాత ఎప్పుడూ మాట్లాడుకోలేదా?"

"ఒకసారి నేనెత్తితే లేచి బయటికెళ్ళిపోయారు. ఇంక నేనూ ఎత్తలా. యాభై ఏళ్ళ పైన కాపరం చేశాం. ఆ పిల్ల మాట మా ఇద్దరి మధ్యా మళ్ళీ రాలా." కంచం పక్కకి జరిపి అంది, "నేనాయన్ని క్షమించలేదమ్మాయ్. పోయేటప్పుడు కూడా."

నేను మెల్లగా అడిగాను, ఏమైనా పేరు పెట్టుకున్నావా అని.

"పెట్టుకున్నా. పాలిచ్చేటప్పుడు పిలిచేదాన్ని. నేనొక్కదాన్నే." చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది, పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు.

మర్నాడు పొద్దున్నే ఆ పేరు గడిలో కొట్టి పేజీ పంపేశాను. సాయంత్రానికి తిరిగొచ్చింది. "అసలులో పేరు లేదు, గమనించగలరు" అని పక్కన రాసి ఉంది. వెంటనే ఫోన్ చేశాను.

"అది నిజమైన పేరేనండీ. సాక్షి బతికుంది. ఇక్కడే, నా ఇంట్లోనే ఉంది."

"ఉండొచ్చు మేడం. పేజీలో లేదుగా."

"ఆ పిల్ల మా అక్కండీ."

ఆయన నెమ్మదిగా అన్నారు. "నాకు తెలీదండీ. బాధగా ఉంది. కానీ నలభై ఏళ్ళు దస్తావేజులు రాశాను. ఒక్క మాట చేర్చినందుకు కొట్టుకు చచ్చిన అన్నదమ్ముల్ని చూశాను. మీరు చేర్చింది నిజమే. రేపెవరో చేర్చేది అబద్ధం కావచ్చు. చూసేవాళ్ళకి రెండూ ఒకేలా ఉంటాయి."

"మీకు పిల్లలెవరూ పోలేదేమో లెండి," అని ఫోన్ పెట్టేశాను. నా జీవితంలో అన్న చెడ్డ మాటల్లో అదొకటి. ఆయనకి పోయారో లేదో నాకు తెలియదు. ఆయనా ఎప్పుడూ చెప్పలేదు.

రెండు రోజులు పని ముట్టుకోలేదు. మూడో రోజు ఆయనే ఫోన్ చేశారు.

"కోపం తగ్గిందా మేడం?"

"తగ్గలేదండీ."

"సరే. ఆ పేజీకి ఎడం వైపు, కుట్టు దగ్గర సన్నగా ఒక రాత ఉంది. చూశారా?"

చూశాను. చదవలేదు. పాత అయ్యగార్లు అంచుల్లో ఏవేవో రాసుకునేవారు. వాటికి గడి లేదు కాబట్టి నేనెప్పుడూ పట్టించుకోలేదు.

"నిన్నట్నించీ దాన్నే పెద్దది చేసి చూస్తున్నాను. సగం కుట్టులోకి పోయింది. ఇప్పటికి తేలింది. చదవమంటారా?"

"చదవండి."

దస్తావేజు చదివే గొంతుతో, ఒక్కో మాటా విడదీసి చదివారు. "బాప్తిస్మము పొందని శిశువు గనుక వ్రాయనవసరము లేదని చెప్పితిని. తండ్రి లాకుల నుండి నాలుగు మారులు నడిచివచ్చి అడిగినందున వ్రాసితిని."

మళ్ళీ చదవమన్నాను. మందుల చీటీ వెనక రాసుకున్నాను. అయ్యగారు ఉండే ఊరు మా లాకులకి తొమ్మిది మైళ్ళు. ఆ వానల్లో గట్లన్నీ బురదగా ఉండి ఉంటాయి. నాలుగుసార్లు.

"ఉంటానండీ," అన్నారాయన. "అమ్మగారికి చెప్పండి."

అమ్మ వంటింట్లో ఉంది. స్టవ్ ఆర్పించి, కూర్చోబెట్టి, చీటీ చూసి చదివాను. రెండోసారి చదవమంది. తరవాత చీటీ తన చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు లేకుండా చదవలేదు గనక ఊరికే పట్టుకుని కూర్చుంది.

"నాలుగుసార్లా?"

"అవునమ్మా."

"మరి నాకెందుకు చెప్పలేదూ?"

అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి వెళ్ళి స్టవ్ వెలిగించింది. కానీ ఆ ప్రశ్న ఆమెని వదల్లేదు. పళ్ళు తోముకుంటూ ఆగి అడిగేది, బట్టలు మడతపెడుతూ అడిగేది. "నాకెందుకు చెప్పలేదే ఆయన?" అడుగుతున్నది నన్ను కాదని కొన్నాళ్ళకి తెలుసుకున్నాను. అయినా ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పేదాన్ని. నువ్వు బాధపడతావని అయ్యుంటుంది. ఆయనకి మాట పెగల్లేదేమో. అమ్మ తల అడ్డంగా ఊపేది.

ఒకరోజు ఉన్నట్టుండి అంది: "నువ్వు మూడో తరగతిలో ఉండగా బెజవాడకి బదిలీ వచ్చింది. క్వార్టరు ఇస్తామన్నారు. పిల్లల చదువుకి బాగుంటుందని నేను బతిమాలా. వద్దనేశారు. నెల్లాళ్ళు మాట్లాడలేదు నేను."

"నాకు గుర్తుంది."

"ఆ గట్టే కదే ఆయన బీటు," అంది. ఆ పూట ఇంకేమీ తినలేదు.

గడిలో పేరు రాయనివ్వలేదు కదా, ఇంటి బైబిల్లో రాద్దామని అడిగాను. ముందు పేజీలో నా పేరూ తమ్ముడి పేరూ పుట్టిన తేదీలతో నాన్న రాసి ఉంచారు. అమ్మ ఒప్పుకోలేదు. "అది మీ నాన్న చేతి పేజీ. ఆయన రాయంది నేను రాయను." నేనిక బలవంతం చెయ్యలేదు. మా ఊరి పేజీని "పేరు లేదు" అని గుర్తు పెట్టే తిప్పి పంపాను. మైలవరం ఆయన ఈసారి ఏమీ రాయకుండా తీసుకున్నారు.

డిసెంబర్లో నా మోకాలు కుదుటపడ్డాక కారు మాట్లాడుకుని అమ్మని మా ఊరు తీసుకెళ్ళాను. అసలు పుస్తకం చూస్తానని పట్టుబట్టింది. ఇప్పటి పాస్టరుగారు బీరువా తీసి, దుమ్ము దులిపి, బల్ల మీద పెట్టి ఆ పేజీ తెరిచారు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని వరస మీద వేలు పెట్టి చదువుకుంది. తన పేరు దగ్గర ఆగింది. తరవాత నాన్న పేరు దగ్గర. పక్కనున్న సన్నరాత ఆమెకి అందలేదు. అక్కడ వేలు ఆనించి అలాగే ఉంచింది. పాస్టరుగారు ప్రార్థన చెయ్యనా అని అడిగారు. "ఎవరికోసం చేస్తారు బాబూ," అంది అమ్మ. మర్యాద తప్పి అన్న మాట కాదు, నిజంగానే అడిగింది. ఆయన మా ముగ్గురి కోసం ప్రార్థించారు. ఆ ముగ్గుర్లో ఎవరెవర్ని లెక్కపెట్టారో నాకు తెలియదు.

అక్కడినుంచి కాలవ గట్టుకి వెళ్ళాం. నేను చిన్నప్పుడు చూసిన గట్టు కాదది. లోపలివైపు సిమెంటు చేశారు, మీద తారు రోడ్డు వేశారు. ధాన్యం బస్తాల ట్రాక్టర్లు వరసగా పోతున్నాయి. అమ్మ డ్రైవర్ని మెల్లగా పోనివ్వమంది. లాకుల నుంచి నాన్న బీటు అయిపోయే వంతెన దాకా వెళ్ళి, వెనక్కి తిప్పించి, మళ్ళీ వెళ్ళాం. అద్దం దించుకుని గట్టంతా చూస్తూ కూర్చుంది. రెండోసారి మధ్యలో ఒకచోట ఆపమంది. దిగింది. నా చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేసి నిలబడింది.

"ఇక్కడేనంటావా?"

"తెలీదమ్మా."

"ఎక్కడని చూడను," అని వచ్చి కారెక్కింది.

పామర్రు దాటేదాకా కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపోయిందనుకున్నాను. కళ్ళు తెరవకుండానే అంది:

"ఊళ్ళోనే పెట్టమన్నారే మీ నాన్న."

నాకు వెంటనే అర్థమైంది. ఆసుపత్రిలో ఆఖరి వారంలో నాన్న అడిగారు. నన్ను మన ఊళ్ళోనే పెట్టండి అని. సరే అన్నాం. పోయాక మాత్రం అమ్మ నా దగ్గరికి వచ్చేస్తే ఊళ్ళో ఇక మనవాళ్ళెవరూ ఉండరు, అంత దూరం ఎవరు వస్తారు, సమాధి ఎవరు చూస్తారు అని బెజవాడలోనే చేశాం. ఆ మాట ముందు అన్నది నేనే. ఎండల రోజులు, శరీరం ఉంచడం కష్టమని నర్సులా మాట్లాడాను. అమ్మ తలూపింది. తమ్ముడు వాహనం మాట్లాడతానన్నా నేనే వద్దన్నాను.

"మనకి తెలీదు కదమ్మా," అన్నాను.

"తెలీకపోతే ఏం, అడిగారుగా," అంది.



అమ్మ ఈ జూన్‌లో పోయింది. జబ్బేమీ లేదు. పొద్దున కాఫీ తాగి మళ్ళీ పడుకుంది, లేవలేదు. ఎక్కడ పెట్టాలో ముందే చెప్పింది, నాన్న పక్కనే అని. నేనూ తమ్ముడూ ఆ మాట తప్పకుండా చేశాం. మా అక్కకి అమ్మ పెట్టుకున్న పేరు ఇప్పుడు మా ఇంట్లో తెలిసింది నాకొక్కదానికే. ఎక్కడా రాసి లేదు. అమ్మ రాయనన్నది ఇక్కడ మాత్రం నేనెలా రాస్తాను?

భూస్థాపన రోజున సమాధుల తోటలో అందరికన్నా వెనక, తెల్ల పంచె కట్టుకుని, తువ్వాలు భుజం మీద వేసుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నారు. ఎప్పుడు నిలబడాలో ఎప్పుడు తల వంచాలో పక్కవాళ్ళని చూసి చేస్తున్నారు. అందరూ వెళ్ళాక దగ్గరికి వచ్చారు. నోరు విప్పేదాకా పోల్చుకోలేదు. ఫోన్లో గొంతే తప్ప మనిషిని అప్పుడే చూడటం. అమ్మ పోయిందని మెసేజ్ పెట్టానే గానీ వస్తారనుకోలేదు.

"మైలవరం నించి రెండు బస్సులు మారి వచ్చానండీ. ఆలస్యమైంది," అన్నారు.

ఆ రోజు ఫోన్లో అన్న మాటకి క్షమించమని అడిగాను. దేనికండీ అన్నారు. గుర్తులేదో, లేనట్టు ఉన్నారో. వెళ్ళేముందు, చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పారు.

"ఇంకో ఊరి పుస్తకం వచ్చిందండీ. మీ పేరు మీదే ఉంచాను. ఎప్పుడు కుదిరితే అప్పుడే."

రెండు నెలలు దాటింది. ఇంకా తెరవలేదు.